ట్రంకుపెట్టె నుంచి హార్డ్ డిస్క్ దాకా: మా ఇంటి బీగాల కథ

ధర్మపురిలో మా ఇంటి పెద్దగదిలో, మంచం కింద, ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంది. తాత కాలం నాటిది. రెండు గడియలు, ఒక ఇత్తడి బీగం. మా వైపు తెలుగువాళ్ళం తాళం అనం, బీగం అంటాం. తాళంచెవిని బీగంచెవి అంటాం. పెట్టెలో భూమి పత్రాలు, రెండు తాటాకు కట్టలు, తాత తెలుగులో రాసుకున్న లెక్కల పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి. కొంచెం చెదలు పట్టింది కానీ, ఇప్పటికీ తీసి చదవగలం.

అదే గదిలో అలమర పైన ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంది. అందులో రెండు డేటాకార్డులు, ఏడు పెన్ డ్రైవులు, మూడు హార్డ్ డిస్కులు, ల్యాప్‌టాప్‌ను బల్లకు కట్టే ఒక ఇనుప తీగ బీగం, ఓ పాతిక సీడీలు. ఇరవై ఏళ్ళ సామాను. అందులో సగానికి పైగా ఇవాళ పనిచేయదు. పనిచేసే వాటిలో ఒకటి మాకే తెరుచుకోదు.

ఎనభై ఏళ్ళ పెట్టె తెరుచుకుంటోంది, పదిహేనేళ్ళ డిస్కు తెరుచుకోవడం లేదు. ఎందుకిలా జరిగిందో రాసి పెట్టాలని ఈ వ్యాసం. ఇది మా ఇంటి కథే అయినా, తెలుగునాడు వదిలి తరాలుగా బయట ఉంటున్న ఏ ఇంటికైనా పనికొస్తుందని మా నమ్మకం. మన ఊళ్ళో మన భాషకు పెద్ద గ్రంథాలయం లేదు, బడి లేదు. మన సంగతులు దాచేది మన ఇళ్ళే. ఇంట్లో పోతే ఇంకెక్కడా దొరకవు.

కాగితం, తాటాకు, రాగిరేకు

మన జిల్లాకు రాతకోతల చరిత్ర గట్టిదే. ఒకప్పటి తగడూరు, అదియమాన్ ఏలిన ఊరు, ఇవాళ్టి ధర్మపురి. 1792లో శ్రీరంగపట్టణం ఒప్పందంతో టిప్పు సుల్తాను దగ్గర్నుంచి బారామహల్ సీమ కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి కింద సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో 1799 దాకా ఈ వైపే తిరిగాడు. పొలం పొలం కొలిచి, పంట పంట లెక్క రాయించారు. ఇక్కడ నేర్చుకున్న పనితోనే ఆయన 1800లో దత్తమండలాలకు వెళ్ళాడు. రాయలసీమ వాళ్ళు ఇప్పటికీ మన్రో పేరు తలుచుకుంటారు. ఆయన పోయింది కూడా 1827లో పత్తికొండ దగ్గరే. రీడ్, మన్రో రాయించిన ఆ లెక్కలను తర్వాత మద్రాసు ప్రభుత్వం 'బారామహల్ రికార్డులు' పేరుతో అచ్చు వేయించింది. ఒక్క దఫ్తరంలో ఉండిపోయి ఉంటే ఏమయ్యేవో తెలియదు. అచ్చయ్యాయి కాబట్టి పలుచోట్ల ఉన్నాయి, ఉన్నాయి కాబట్టి మిగిలాయి.

సి.పి. బ్రౌన్ చేసిందీ అదే. కడపలో పండితులకు తన సొంత డబ్బు జీతమిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరణ ఇవాళ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. తాటాకు శాశ్వతం కాదని పాతవాళ్ళకు తెలుసు. అందుకే తరం మారినప్పుడల్లా కొత్త ఆకు మీదికి ఎత్తి రాసేవారు. ఎత్తి రాసే ఓపిక లేని ఇళ్ళలో ఆ కట్టలు ఏటి పాలయ్యేవి. ఆడి పద్దెనిమిది నాడు పాత తాటాకులను నీళ్ళలో వదిలేసిన సంగతులు ఉ.వే. సామినాథయ్యర్ బాధతో చెప్పుకున్నారు. హొగెనకల్లులో ఆ పండగ రోజు జనాన్ని చూసినప్పుడల్లా మాకు ఆ మాట గుర్తొస్తుంది.

ఇంకొకటి అన్నమయ్య రాగిరేకులు. తాళ్ళపాక వారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో పెట్టించారు. ఆకు కన్నా గట్టి వస్తువు, గుడి కన్నా గట్టి చోటు ఏముంటాయి? కానీ కాలక్రమంలో ఆ అరను అందరూ మరిచిపోయారు. మళ్ళీ 1922లో గానీ వెలుగులోకి రాలేదు. రేకులు రెండు వేలకు పైగా దొరికాయి, పాటలు వేలల్లో దొరికాయి. ఒక్కో పాట పైన రాగం పేరు ఉంది. ఆ రాగంలో తాళ్ళపాక వారు ఏ వరుసలో పాడారో మాత్రం రేకు మీద లేదు. పాట మిగిలింది, పాడే తీరు పోయింది.

ఈ మూడు సంగతులూ ముందే ఎందుకు చెప్పామంటే, మా ప్లాస్టిక్ డబ్బాలో జరిగింది కూడా ఈ మూడింటి కలగాపులగమే.

గాలిలో వచ్చిన ఇంటర్నెట్టు

మన దేశంలో జనానికి ఇంటర్నెట్టు తెరుచుకున్నది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ధర్మపురిలో మాకు అది బ్రౌజింగ్ సెంటరు రూపంలో వచ్చింది. గంటకింత అని డబ్బిచ్చి, చెక్క అడ్డాల మధ్య కూచుని, అమెరికాలో ఉన్న పెద్దక్కకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళం. ఇంటికి టెలిఫోను తీగ మీద కనెక్షను వచ్చాక కూడా అది గీ గీ మని అరిచి కలిసేలోపు సగం ఓపిక పోయేది. సెకనుకు 56 కిలోబిట్లు దాని గరిష్ఠ వేగం. అదీ కాగితం మీద.

2006లో చిన్నాయన మొదటి ల్యాప్‌టాప్ కొన్నాడు. ఆయన బడి పంతులు. ఇంట్లో అందరి పుట్టిన తేదీలు, నక్షత్రాలు, పెళ్ళిళ్ళు, ఎవరు ఎక్కడికి వలస పోయారు అన్నీ రాసి పెట్టేది ఆయనే. ల్యాప్‌టాప్‌ను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, నెట్టు మాత్రం గోడకున్న తీగ దగ్గరే ఉండిపోయేది. ఆ చిక్కు తీర్చింది డేటాకార్డు. మొదట్లో ల్యాప్‌టాప్ పక్కన చీలికలో దూర్చే పలక కార్డులు వచ్చాయి. తర్వాత బొటనవేలంత యూఎస్‌బీ పుల్లలు. కొందరు నెట్ సెట్టర్ అన్నారు, కొందరు డాంగిల్ అన్నారు. మా ఇంట్లో అవ్వ పెట్టిన పేరే నిలిచింది, పుల్ల.

ఆ పుల్ల లోపల ఉన్నది నిజానికి ఒక చిన్న సెల్‌ఫోను. మాట్లాడే భాగం తీసేసి, సమాచారం పంపే భాగం ఒక్కటే ఉంచిన ఫోను. గుచ్చగానే మొదట తాను ఒక సీడీ డ్రైవునని ల్యాప్‌టాప్‌తో చెప్పుకుంటుంది. అందులో ఉన్న సాఫ్ట్‌వేరు ఎక్కించాక వేషం మార్చి మోడెమ్ అవుతుంది. సీడీ వెతుక్కునే పని లేకుండా చేసిన ఏర్పాటు అది. చాలా పుల్లల్లో మెమరీ కార్డు పెట్టుకునే చిన్న సందు కూడా ఉండేది. నెట్టూ నిల్వా రెండూ ఒక్క పుల్లలోనే.

మా మొదటి పుల్ల సీడీఎంఏ రకం. సెకనుకు 144 కిలోబిట్లని డబ్బా మీద రాసి ఉండేది. మా వీధిలో అందులో సగం వస్తే గొప్ప. చిన్నాయన ఒక మీటరు యూఎస్‌బీ తీగ తెచ్చి, పుల్లను కిటికీ ఊచకు కట్టేవాడు. తర్వాత ఎవరో చెప్పారని వంటింట్లో ఇనుప జల్లెడ తెచ్చి, దాని మధ్యలో పుల్లను నిలబెట్టాడు. జల్లెడ గిన్నెలా వంగి ఉంటుంది కాబట్టి సంకేతాన్ని పోగుచేసి పుల్ల మీదికి తిప్పుతుంది. నిజంగానే ఒక గీత పెరిగింది.

"ఏమిరా, నా జల్లెడ తీసుకోనిపోయి కిటికీలో ఏం పట్టుకుంటా ఉండావు?" అంది అవ్వ.

"నెట్టు పట్టుకుంటా ఉండా అమ్మా."

"పట్టుకుంటే పట్టుకో, రాత్రికి పిండి జల్లించాల, గుర్తు పెట్టుకో."

2009లో ప్రభుత్వ సంస్థ చెన్నైలో 3జీ మొదలుపెట్టింది. 2010లో స్పెక్ట్రమ్ వేలం అయ్యాక ప్రైవేటు కంపెనీలూ దిగాయి. పేరుకు 3జీ కానీ, మన లాంటి జిల్లా ఊళ్ళకు అది నిదానంగా వచ్చింది. 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం సర్కారు బడుల పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టింది. మా బంధువుల పిల్లలు ముగ్గురికి వచ్చాయి. ల్యాప్‌టాప్ వచ్చింది, నెట్టు రాలేదు. ఒకే పుల్లను నాలుగిళ్ళ మధ్య తిప్పుకున్నాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, ఫోనే హాట్‌స్పాట్ అయ్యాక, పుల్లల కాలం చూస్తుండగానే ముగిసింది. పదేళ్ళు నిండని బతుకు దానిది. అయినా మా ఇంటికి అది చేసిన ఒక్క మేలు ముందు ముందు చెబుతాం.

జేబులో పట్టే పెట్టె

నిల్వ కథ ఇంకా పాతది. మొదటి హార్డ్ డిస్కు 1956లో ఐబీఎం చేసింది. రెండు బీరువాలంత ఉండేది, టన్ను బరువు. అందులో పట్టేది దాదాపు 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫోటోకు కూడా చాలకపోవచ్చు. 1980లలో జపానులో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీ కనిపెట్టాడు. తిరిగే పలక లేదు, సూది లేదు. చిన్న చిన్న గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి ఉంచడమే. 1996లో యూఎస్‌బీ వచ్చింది. ఇంటెల్‌లో దాన్ని రూపొందించిన బృందంలో ముఖ్యుడు మన దేశం నుంచి వెళ్ళిన అజయ్ భట్. ఫ్లాష్ మెమరీనీ యూఎస్‌బీనీ కలిపి 2000లో పెన్ డ్రైవు అమ్మకానికి వచ్చింది. మొదటివాటిలో 8 మెగాబైట్లు పట్టేవి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీతో అలవాటైన వాళ్ళకు అదే ఏనుగంత.

2008 వేసవిలో చిన్నాయన బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి మొదటి బయటి హార్డ్ డిస్కు కొన్నాడు. బ్యాగులో బట్టల మధ్య చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. డబ్బా మీద 500 గిగాబైట్లని ఉంది, ల్యాప్‌టాప్‌లో 465 అని కనబడింది. "35 ఏమయ్యాయి, అంగడివాడు మోసం చేశాడు" అని ఇంట్లో గొడవ. మోసం కాదు. డిస్కు చేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1,024 చొప్పున లెక్క కడుతుంది. అదీ తేడా. అసలు మోసం వేరే ఉంది, అది మాకు తర్వాత తెలిసింది. రోడ్డు పక్కన చవగ్గా కొన్న పెన్ డ్రైవు 64 అని చూపించేది, లోపల ఉన్నది నాలుగే. నిండాక పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఫైలు పేర్లు అన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఓ పెళ్ళి ఫోటోలు అలా పోయాయి. అప్పట్నుంచి ఏ పెన్ డ్రైవు కొన్నా ముందు నిండా నింపి, తిరిగి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని చూశాకే వాడతాం.

ఆ హార్డ్ డిస్కుకు రెండు తలల తీగ ఉండేది. ఎందుకో మాకు చాలాకాలం తెలియదు. పాత యూఎస్‌బీ రంధ్రం ఒకటి 500 మిల్లీఆంపియర్ల కరెంటే ఇస్తుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. అందుకే రెండు రంధ్రాల్లో గుచ్చాలి. ఒక్కటే గుచ్చితే ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి టిక్ టిక్ మని ఆగిపోతుంది. మేము చాలాసార్లు ఒక్కటే గుచ్చాం.

బీగం

2008 చివర్లో బెంగళూరు బస్సులో చిన్నాయన ల్యాప్‌టాప్ సంచీ పోయింది. నిద్ర పట్టి లేచేసరికి పైన అరలో సంచీ లేదు. ల్యాప్‌టాప్ పోయినందుకు కన్నా అందులో ఉన్న స్కాన్ చేసిన పొలం పత్రాలు, బ్యాంకు కాగితాలు, అందరి సంతకాలు ఎవరి చేతికి పోయాయో అన్న దిగులే ఆయనకు ఎక్కువ. డిస్కు ఇంట్లో ఉండడం వల్ల నకళ్ళు మిగిలాయి. కానీ ఆ రోజు నుంచి ఆయనకు బీగాల పిచ్చి పట్టింది.

మొదట ఇనుప తీగ బీగం కొన్నాడు. ల్యాప్‌టాప్ పక్కన గోరంత చీలిక ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. అందులో బీగం తల దూర్చి, తీగను కిటికీ ఊచకో బల్ల కాలికో చుట్టి వేయాలి. దొంగ ల్యాప్‌టాప్‌ను ఎత్తుకుపోకుండా ఆపుతుందే గానీ, లోపలి ఫైళ్ళను కాపాడదు. అందుకు కావలసింది ఎన్‌క్రిప్షన్. అంటే లోపలి అక్షరాలన్నిటినీ ఒక సంకేతపదంతో కలిపి గజిబిజి చేసేయడం. సంకేతపదం చెబితేనే మళ్ళీ అక్షరాలవుతాయి. 2007లో విండోస్ విస్టా కొన్ని రకాల్లో బిట్‌లాకర్ అనే బీగం వచ్చింది. 2009లో విండోస్ 7తో పెన్ డ్రైవులకూ వచ్చింది. మాలాంటి వాళ్ళ దగ్గరున్న చవక విండోస్‌లో అది ఉండేది కాదు. అందుకని ఎక్కువమంది ట్రూక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడేవారు. చిన్నాయనా అదే వాడాడు.

ఆ కాలంలో ఇంకో భయం వైరస్సులది. బ్రౌజింగ్ సెంటర్లో గుచ్చిన పెన్ డ్రైవు ఇంటికి జబ్బు తెచ్చేది. పెన్ డ్రైవు గుచ్చగానే తనంతట తాను నడిచే సౌకర్యం విండోస్‌లో ఉండేది, వైరస్సులు దాని మీదే సవారీ చేసేవి. 2008 చివర్లో కాన్‌ఫికర్ అలాగే ప్రపంచమంతా తిరిగింది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇరానులోని నతాంజ్ అణుకేంద్రం దాకా పెన్ డ్రైవుల మీదే పాకిందంటారు. 2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా ఆ సౌకర్యం ఆపేసింది. అంతదాకా మా ఇంట్లో నియమం ఒకటే: బయట తిరిగొచ్చిన పెన్ డ్రైవు, బయట తిరిగొచ్చిన చెప్పులు లోపలికి రాకూడదు.

అవ్వ గొంతు

2009 వేసవి సెలవుల్లో చిన్నాయన ఒక చిన్న రికార్డరు తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. అవ్వకు అప్పటికి ఎనభై మూడు. రోజుకు అరగంట, ముప్పావు గంట. మొత్తం తొమ్మిది గంటల మాటలు. మన పెద్దలు ఎక్కణ్ణుంచి వచ్చారో మా ఇంట్లో రెండు కథలున్నాయి. ఒకటి చిత్తూరు వైపు నుంచి కరువుకు వచ్చామని, ఇంకొకటి మైసూరు సీమ మీదుగా సిపాయిల వెంట వచ్చామని. ఏ ఊరు, ఎవరు ముందు వచ్చారు, దారిలో ఎవరింట్లో తలదాచుకున్నారు, ఏ గుడికి మొక్కుకున్నారు, ఇవన్నీ అవ్వకు వాళ్ళ అత్త చెప్పినవి. వినడానికి మేమంతా ఒక్కోరోజు ఒక్కొక్కరం కూచున్నాం. మొత్తం విన్నది చిన్నాయన ఒక్కడే. మిగతావాళ్ళం "రికార్డు అవుతోంది కదా, తర్వాత వింటాం" అనుకున్నాం.

2010 చలికాలంలో అవ్వ పోయింది.

రికార్డరులో చోటు చాలక అందులోవి చెరిపేశారు. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు చిన్నది, అందులోనూ చెరిపేశారు. ఆ తొమ్మిది గంటలు బయటి హార్డ్ డిస్కులో ఒక కాపీ, ఆయన కొన్న రెండో డిస్కులో ట్రూక్రిప్ట్ బీగం వేసిన పెద్ద ఫైలులో ఒక కాపీ మిగిలాయి. మూడో డిస్కు కొందామని 2011 దీపావళికి అనుకున్నాం. సరిగ్గా అప్పుడే థాయ్‌లాండ్‌లో వరదలు. ప్రపంచంలో హార్డ్ డిస్కులు ఎక్కువగా తయారయ్యే చోట్లలో అదొకటి. ఫ్యాక్టరీలు నీట మునిగి ధరలు ఒక్కసారిగా పైకి పోయాయి. "దిగాక కొందాంలే" అన్నారు. ఎక్కడో బ్యాంకాక్ పక్కన పడిన వాన ధర్మపురిలో మా అవ్వ గొంతును తడిపిందంటే నమ్ముతారా?

2012లో తమిళనాడంతా కరెంటు కోతలు. ధర్మపురిలో ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి నేరుగా కరెంటు మీదే నడిచేది. ఒకరోజు డిస్కు తిరుగుతుండగా కరెంటు పోయింది. వచ్చాక గుచ్చితే టిక్ టిక్. మళ్ళీ టిక్ టిక్. అంతే. డిస్కు లోపల పలక నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటే, దాని మీద వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ ఎత్తున సూది తేలుతూ ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. మేము ఎవరో చెప్పారని ఫ్రిజ్‌లో పెట్టి కూడా చూశాం. అది చేయకూడని పని, లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది. తర్వాత చెన్నైలో ఒకచోట చూపిస్తే పలక గీసుకుపోయింది, లాభం లేదన్నారు.

చిన్నాయన కంగారు పడలేదు. "రెండోది ఉంది కదా, భయమెందుకు?" అన్నాడు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం. సంకేతపదం ఏమిటని ఎవరం అడగలేదు. ఆయన ఉన్నాడు కదా.

2014 మార్చిలో, బడి నుంచి వచ్చి కాఫీ తాగి కుర్చీలో కూచున్న మనిషి లేవలేదు. గుండె. యాభై ఎనిమిదేళ్ళు.

కర్మలయ్యాక చాలా రోజులకు ఆ డిస్కు తీశాం. డిస్కు బాగుంది. ఫైలు ఉంది, 11 గిగాబైట్లు. తెరవబోతే సంకేతపదం అడిగింది. పుట్టిన తేదీలు, ఇంటిపేరు, అవ్వ పేరు, ఊరిపేరు, ఆయనకు ఇష్టమైన పద్యాల మొదటి మాటలు, అన్నీ వేసి చూశాం. ఆయన డైరీలన్నీ వెతికాం. దానికి దొడ్డిదారి లేదు, చేసినవాళ్ళ దగ్గరికి పోయినా తెరవలేరు. మంచి బీగం అంటే అదే కదా. దొంగ కోసం వేసిన బీగం మా మీదే పడింది. పైగా అదే ఏడు మే నెలలో ట్రూక్రిప్ట్ చేసేవాళ్ళు దాన్ని ఆపేశారు. దాని తర్వాత వచ్చిన వెరాక్రిప్ట్ కొంతకాలం పాత ఫైళ్ళను తెరిచేది, ఇటీవలి వాటిలో ఆ వీలు తీసేశారు. అందుకని పాత వెర్షను కూడా దాచి పెట్టుకున్నాం. రేపు బీగంచెవి దొరికినా, దాన్ని తిప్పే చెయ్యి కూడా ఉండాలి.

మరి అవ్వ గొంతు మొత్తం పోయిందా? లేదు. నాలుగు నిమిషాలు మిగిలింది. 2009లో పెద్దక్క కూతురికి సీమంతం చేస్తూ అమెరికా నుంచి ఫోను చేసి, నలుగు పాట కావాలని అడిగింది. చిన్నాయన అవ్వ చేత పాడించి, ఆ ముక్క ఒక్కటి చిన్న ఫైలు చేసి, జల్లెడలో పుల్ల పెట్టి, రాత్రి పదకొండు తర్వాత నెట్టు కాస్త ఖాళీ అయ్యాక మెయిల్లో పంపాడు. మూడుసార్లు తెగిపోయి నాలుగోసారి పోయింది. అది అక్క మెయిల్లో ఉండిపోయింది. ఆ పాట ఇవాళ మా ఇళ్ళలో పదిహేను ఫోనుల్లో ఉంది.

జాగ్రత్తగా దాచింది పోయింది, ఎవరో అడిగితే ఇచ్చేసింది మిగిలింది. మన పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పే మాటలు ఆ డిస్కులోనే ఉన్నాయి, వినిపించవు.

అక్షరం కూడా బీగమే

ఇంకో సంగతి. చిన్నాయన వంశవృక్షం టైపు చేసిన ఫైళ్ళు సీడీల్లో దొరికాయి. సంతోషంగా తెరిస్తే గీతలు, చుక్కలు, ఇంగ్లీషు గుర్తులు. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే వచ్చింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ డీటీపీ సెంటర్లలో, ఇళ్ళలో, చాలాకాలం వేరే వేరే ఫాంటులే నడిచాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు బొమ్మ కూచుని ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది తెలుగు కాదు. పాత ఫాంటు వెతికి పట్టుకుని, యూనికోడ్‌లోకి మార్చుకుని, తప్పులు దిద్దడానికి ఒక వేసవి పట్టింది. ఇది కాస్త మెరుగు, రాగిరేకు లాగా అక్షరమైతే దొరికింది.

ఇంగ్లండులో 1986లో, తొమ్మిది వందల ఏళ్ళ నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకానికి గుర్తుగా కొత్త లెక్కలన్నీ లేజరు డిస్కులకు ఎక్కించారు. పదిహేనేళ్ళకే ఆ డిస్కులు చదివే యంత్రాలు కరువయ్యాయి. 1086 నాటి పుస్తకం మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. పెద్ద పెద్ద వాళ్ళకే ఆ గతి పడితే మనమెంత.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది, ఇంగ్లండు వాళ్ళకు లేనిది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన వైపు బడుల్లో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తమిళం మన పిల్లలకు రావాల్సిందే, ఈ నేల భాష అది, అందులో మాకు తగువు లేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరం రాకుండా పోతోంది. అక్షరం రాని పిల్లకు తాత లెక్కల పుస్తకం కూడా సంకేతపదం తెలియని ఫైలే. ట్రంకుపెట్టె తెరుచుకుంటోందని పైన గొప్పగా రాశాం. ఇంకో తరం పోతే అదీ తెరుచుకోదు.

ఇప్పుడు మేము చేస్తున్నది

ఫోటోలు తీసేవాళ్ళలో ఒక నియమం ఉంది. పీటర్ క్రోగ్ అనే ఆయన పుస్తకంలో రాశాక అందరి నోళ్ళలో పడింది: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఊరు దాటి. బ్రౌన్ చేసిందీ, తాటాకు ఎత్తి రాసినవాళ్ళు చేసిందీ దాదాపు ఇదే. మేము ఇలా పాటిస్తున్నాం:

ఒక డిస్కు ధర్మపురి ఇంట్లో. ఒకటి హోసూరులో మేనత్త ఇంట్లో. ఒక కాపీ ఆన్‌లైన్‌లో, అది ఇద్దరి పేర్ల మీద. ఉగాదికి, దసరాకు డిస్కులు తీసి గుచ్చి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూస్తాం. పెన్ డ్రైవును దాచే పెట్టెగా వాడం. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటే అందులోని ఆవేశం కారిపోతుంది. అది మోసుకుపోయే సంచీ మాత్రమే. డిస్కుకు ఐదారేళ్ళు నిండితే బాగున్నా సరే కొత్తదానికి ఎత్తి రాస్తాం.

బీగం ఏది వేయాలి, ఏది వేయకూడదు అని విడదీశాం. పొలం పత్రాలు, బ్యాంకు, ఆధార్ కాగితాలకు బీగం. పాటలు, కథలు, ఫోటోలు, వంశవృక్షం, వీటికి బీగం లేదు. దొంగ వాటిని ఎత్తుకుపోయి విన్నా మంచిదే, ఒక కాపీ ఎక్కువవుతుంది.

ముఖ్యమైనది ఇంకొకటి. ఎవరు ఏది రికార్డు చేసినా ఆ వారంలోనే కనీసం ముగ్గురికి పంపాలి, ఆ ముగ్గురూ వినాలి. విని ఒక్క పేజీ రాయాలి. ఆ రోజు మేమంతా కూచుని విని ఉంటే, ఊరి పేరు ఒక్కటైనా ఎవరికో ఒకరికి గుర్తుండేది.

ఈ చదువుతున్న మన బంధువుల్లో ఎవరికైనా చిన్నాయన ఎప్పుడో ఒక పెన్ డ్రైవు ఇచ్చి ఉంటే, పాత మెయిల్లో ఒక ముక్క పంపి ఉంటే, దయచేసి వెతకండి. ఆయన ఎప్పుడైనా వాడిన మాట, సంకేతపదం అని అనుమానం తగిలినా చెప్పండి. ఆ ఫైలును మేము పారేయలేదు. దసరాకు కొత్త డిస్కుకు ఎత్తినప్పుడల్లా దాన్నీ ఎత్తుతున్నాం.

బీగం ఉన్న డిస్కుల సంకేతపదం ఒక కాగితం మీద రాసి, ఎలా తెరవాలో వివరంగా రాసి, కవరులో పెట్టి అంటించాం. దాన్ని ఎక్కడ పెట్టాలని చర్చ వచ్చినప్పుడు అందరం ఒకే చోటు చెప్పాం. మంచం కింద ట్రంకుపెట్టెలో, తాత లెక్కల పుస్తకాల పక్కన. ఆ కాగితం తెలుగులో రాశాం. అందుకని ఈ వేసవి నుంచి ఆదివారాలు ఉదయం, ఇంట్లో ఉన్న నలుగురు పిల్లలనూ కూచోబెట్టి, పలక మీద అ ఆ లు దిద్దిస్తున్నాం.